మిషెల్ మెక్‌లారెన్ తీసిన 'బ్రేకింగ్ బ్యాడ్' ఎపిసోడ్లలో ఏది గొప్పది? తరచుగా అడిగే ప్రశ్నలు

'బ్రేకింగ్ బ్యాడ్' క్యాన్సర్ వచ్చిన కెమిస్ట్రీ మాస్టారు వాల్ట్, తన పాత విద్యార్థి జెస్సీతో కలిసి మాదకద్రవ్యం తయారుచేసే కథతో నడిచే అమెరికన్ టీవీ సిరీస్. మొత్తం 62 ఎపిసోడ్లు. అందులో 11 ఎపిసోడ్లకు డైరెక్టర్ మిషెల్ మెక్‌లారెన్. ఆ సిరీస్‌కి అంతకన్నా ఎక్కువ ఎపిసోడ్లు తీసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ పదకొండింటినీ ఒక వరసలో పెట్టి, ఎందుకలా పెట్టామో ఇక్కడ వివరంగా చెప్పాం. కథలోని మలుపులన్నీ బయటపడతాయి. సిరీస్ ఇంకా చూడనివాళ్లు ముందు అది చూసి, తర్వాత ఇది చదివితే మంచిది.

అసలు ఎవరీ మిషెల్ మెక్‌లారెన్?

కెనడాలోని వాంకూవర్ నుంచి వచ్చిన డైరెక్టర్, ప్రొడ్యూసర్. 'ది ఎక్స్-ఫైల్స్'కి ప్రొడక్షన్ వైపు పనిచేస్తూ, 2002లో ఆ సిరీస్ తొమ్మిదో సీజన్‌లో 'జాన్ డో' అనే ఎపిసోడ్‌తో మొదటిసారి డైరెక్షన్ చేశారు. ఆ ఎపిసోడ్ రాసింది విన్స్ గిల్లిగన్. ఆరేళ్ల తర్వాత 'బ్రేకింగ్ బ్యాడ్' మొదలుపెట్టింది కూడా ఆయనే. 'జాన్ డో' చూస్తే మెక్సికో ఎండ, వెలిసిపోయిన రంగులు, ఏమీ గుర్తులేకుండా ఊరుగాని ఊళ్లో కళ్లు తెరిచిన మనిషి కనిపిస్తారు. ఎడారితో ఆమె అనుబంధం అక్కడే మొదలైంది.

'బ్రేకింగ్ బ్యాడ్'లోకి రెండో సీజన్‌లో వచ్చారు. మొదటి ఎపిసోడే '4 డేస్ అవుట్'. ఆ తర్వాత చివరిదాకా ఉండిపోయారు, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ కూడా అయ్యారు.

టీవీలో అంతా రచయితదే రాజ్యం కదా. డైరెక్టర్ పేరు మీద ర్యాంకులు ఇవ్వడం సబబేనా?

ఈ అనుమానం న్యాయమైనదే. అమెరికన్ టీవీలో కథ, పాత్రలు, డైలాగులు రచయితల గదిలో తయారవుతాయి. చివరి మాట సిరీస్ మొత్తాన్ని నడిపించే షోరన్నర్‌ది. డైరెక్టర్ వచ్చేసరికి నటీనటులు ఖాయమై ఉంటారు, సెట్లు వేసి ఉంటాయి, సిరీస్‌కి ఒక రూపం వచ్చేసి ఉంటుంది. ఒక్కో ఎపిసోడ్ షూటింగ్‌కి దొరికేది సుమారు ఎనిమిది రోజులు. సినిమా డైరెక్టర్‌కున్న స్వేచ్ఛలో పావు వంతు కూడా ఉండదు.

అయినా ర్యాంకు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఎందుకంటే స్క్రిప్టులో "అతను కారులో కూర్చుంటాడు, ఫోన్ మోగుతుంది" అని ఉంటే, కెమెరా కారు లోపల పెట్టాలా బయట పెట్టాలా, ఫోన్ మోగాక ఎంతసేపు అతని ముఖం మీదే ఉండాలి, పార్కింగ్‌లో నడుచుకుంటూ వెళ్లే మనిషి మనకు ఎప్పుడు కనిపించాలి అన్నది డైరెక్టర్ తేల్చాల్సిందే. 'బ్రేకింగ్ బ్యాడ్'లో ఇదింకా బాగా తెలుస్తుంది. రెండో సీజన్ నుంచి చివరిదాకా ప్రధాన కెమెరామన్ మైకేల్ స్లోవిసే. నటులూ వాళ్లే, లొకేషన్ ఆల్బుకర్కీ ఊరే. మిగతావన్నీ స్థిరంగా ఉన్నప్పుడు ఒక డైరెక్టర్ ఎపిసోడ్‌కీ ఇంకొకరి ఎపిసోడ్‌కీ తేడా కనబడిందంటే, ఆ తేడా ఎక్కడిదో వెతకడం తేలిక.

మరి మీరు దేన్ని చూసి ర్యాంకు ఇచ్చారు?

కథలో ఎంత పెద్ద సంఘటన జరిగిందన్నది లెక్కలోకి తీసుకోలేదు. అలా చూస్తే ఎప్పుడూ సీజన్ చివరి ఎపిసోడ్లే గెలుస్తాయి. ఫలానా పాత్ర చనిపోయింది కాబట్టి గొప్ప ఎపిసోడ్ అనుకుంటే అది రచయితలకు ఇచ్చే మార్కు.

మేం చూసింది మెక్‌లారెన్‌కి బాగా తెలిసిన ఒక విద్యని. ఆమె ముందు చోటు చూపిస్తారు. ఎవరు ఎక్కడున్నారు, తలుపు ఎటుంది, తుపాకీకీ చేతికీ మధ్య ఎంత దూరం ఉంది, అన్నీ నిదానంగా మన కళ్లముందు పరుస్తారు. ఆ తర్వాత మనల్ని కాచుకొని కూర్చోబెడతారు. ప్రమాదం ఎటునుంచి వస్తుందో మనకు తెలుసు, ఎప్పుడొస్తుందో తెలియదు. టెన్షన్ అంతా ఆ నిరీక్షణలో పుడుతుంది. యాక్షన్ సీన్లంటే కెమెరా అటూ ఇటూ ఊపేసి, ఎవరు ఎవర్ని కొట్టారో అర్థం కాకుండా తీసే రోజుల్లో ఈమె ప్రతి అడుగూ లెక్కపెట్టి చూపించారు. ఆ విద్య ఏ ఎపిసోడ్‌లో పూర్తిగా పండిందో అది పైన, అంతగా పండనిది కింద.

పూర్తి లిస్టు చెప్పండి.

మొదటి స్థానం మూడో సీజన్‌లోని 'వన్ మినిట్'. రెండు '4 డేస్ అవుట్'. మూడు 'టోహజీలీ'. నాలుగు 'గ్లైడింగ్ ఓవర్ ఆల్'. ఐదు 'సలూద్'. ఆరు 'బరీడ్', ఏడు 'మాడ్రిగల్', ఎనిమిది 'థర్టీ-ఎయిట్ స్నబ్', తొమ్మిది 'షాట్‌గన్', పది 'ఆబిక్యూ', పదకొండు 'ఐ.ఎఫ్.టి.'.

మొదటి రెండింటికీ మధ్య తేడా వెంట్రుకవాసి. ఐదుకీ ఆరుకీ మధ్య మాత్రం బాగానే ఎడం ఉంది.

'వన్ మినిట్' మొదటి స్థానంలో ఎందుకు?

2010 మే 2న వచ్చిన ఈ ఎపిసోడ్ చివరి కొద్ది నిమిషాలు టీవీలో వచ్చిన అత్యుత్తమ టెన్షన్ సీన్లలో ఒకటి. అది ఎలా కట్టారో కాస్త దగ్గరగా చూద్దాం.

వాల్ట్ తోడల్లుడు, మాదకద్రవ్యాల నిరోధక అధికారి హ్యాంక్ సస్పెండ్ అయ్యాడు. బ్యాడ్జి, తుపాకీ అప్పగించేశాడు. అంటే చేతిలో ఆయుధం లేదు. భార్య కోసం పూలు కొనుక్కొని పార్కింగ్‌లో ఉన్న కారెక్కుతాడు. ఫోన్ మోగుతుంది. మార్చిన గొంతుతో ఎవరో, ఇద్దరు మనుషులు నిన్ను చంపడానికి వస్తున్నారు, నీకు ఒక్క నిమిషం టైముంది అని చెప్పి పెట్టేస్తారు. హ్యాంక్‌కి అది నిజమో, తోటి ఉద్యోగి వేళాకోళమో తెలియదు. కారు గడియారం 3:07 చూపిస్తోంది.

ఇక్కడినుంచి మెక్‌లారెన్ చేసిన పని చూడండి. తొందరపడి దాడి మొదలుపెట్టలేదు. పార్కింగ్‌లో తిరిగే మామూలు జనాన్ని చూపించారు. బండి తోసుకెళ్లే మనిషి, డిక్కీలో సామాన్లు సర్దుకునే మనిషి. హ్యాంక్ కళ్లతో మనమూ ప్రతి ఒక్కరినీ అనుమానిస్తాం. ఇతనా? ఇతను కాదు. అతనా? అద్దాల్లో, కిటికీల్లో తల తిప్పుతూనే ఉంటాం. మామూలు మధ్యాహ్నపు ఎండ, ఎక్కడా చీకటి లేదు, భయపెట్టే నీడ లేదు. గడియారం 3:08కి మారుతుంది. అద్దంలో ఒకడు కనిపిస్తాడు.

దాడి మొదలయ్యాక కూడా ఎక్కడా అయోమయం లేదు. హ్యాంక్ కారు వెనక్కి పోనిచ్చి ఒకణ్ణి రెండు కార్ల మధ్య నలిపేస్తాడు. రెండోవాడు గాయపడ్డ హ్యాంక్ మీద తుపాకీ గురిపెట్టి, అది మరీ సులువైన చావని గొడ్డలి తెచ్చుకోవడానికి వెనక్కి తిరుగుతాడు. ఆ నడకే హ్యాంక్‌కి దొరికిన టైము. నేలమీద పడి ఉన్న ఒక్క తూటా, కొన్ని అంగుళాల దూరంలో తుపాకీ, వణికే వేళ్లు, తిరిగొస్తున్న అడుగుల చప్పుడు. ఆ తూటా ఎక్కడిదో కూడా మనకు ముందే చెప్పారు. అదే ఎపిసోడ్‌లో, ఆయుధాలు అమ్మేవాడు కజిన్స్‌కి, అంటే హ్యాంక్‌ని చంపడానికొచ్చిన ఆ ఇద్దరికి, కొసరుగా ఇచ్చిన తూటా అది. హ్యాంక్ కాల్చాక గొడ్డలి అతని తల పక్కన తారు మీద ఠంగుమని పడుతుంది.

ఇదొక్కటే ఉంటే మొదటి ర్యాంకు ఇచ్చేవాళ్లం కాదు. అదే ఎపిసోడ్‌లో లిఫ్టు సీన్ ఉంది. జెస్సీని కొట్టిన నేరాన్ని ఒప్పుకోవాల్సిన హ్యాంక్, భార్య మేరీతో లిఫ్టులో ఉన్న ఆ కాస్త సమయంలో కుప్పకూలి ఏడుస్తాడు. తలుపులు తెరుచుకునేలోపు మళ్లీ గట్టి మనిషైపోతాడు. ఆసుపత్రి మంచం మీద ముఖమంతా వాచిపోయిన జెస్సీ, వాల్ట్ వల్ల తనేం పోగొట్టుకున్నాడో చెప్పే సీన్ కూడా ఇందులోదే. జెస్సీగా ఆరన్ పాల్ మాట్లాడుతుంటే కెమెరా ఏ తెలివీ చూపించకుండా ఒదిగి ఉంటుంది. ఎక్కడ కలగజేసుకోకూడదో తెలియడం కూడా డైరెక్టర్ పనే. రచన థామస్ ష్నాజ్.

'4 డేస్ అవుట్' లో పెద్ద సంఘటనే లేదు. రెండో స్థానం ఎక్కువ కాదా?

కాదు. తేలిగ్గా కనిపించే కష్టమైన పని ఇది. 2009 మే 3న వచ్చింది. ఎపిసోడ్‌లో చాలా భాగం ఇద్దరు మనుషులు, ఇల్లులా వాడుకునే ఒక ఆర్‌వీ బండి, ఎడారి. జెస్సీ తాళంచెవి ఇంజన్‌కే వదిలేయడంతో బ్యాటరీ దిగిపోతుంది. జనరేటర్‌కి మంట అంటుకుంటే ఉన్న తాగునీళ్లన్నీ దానిమీద పోసేస్తాడు. ఫోన్ చేసి పిలిచిన స్నేహితుడు దారి తప్పి ఇంకెక్కడికో వెళ్తాడు. ఆ ఫోనూ చచ్చిపోతుంది.

ఇలాంటి కథని ఏ డైరెక్టరైనా బండి లోపల ఇరుకుగా తీస్తే ఉక్కపోత తెలిసేది, అంతే. మెక్‌లారెన్ పదేపదే బయటికి, చాలా దూరం వెళ్తారు. ఆకాశం అంతా నిండిపోయి, బండి ఒక మూల చుక్కలా కనిపిస్తుంది. మళ్లీ వెంటనే ఎండిపోయిన పెదవుల దగ్గరికొస్తారు. ఈ దూరమూ దగ్గరా మారుతుండటంతోనే రోజులు గడుస్తున్నాయని మనకు తెలుస్తుంది.

చివరికి వాల్ట్ బ్రేక్ ప్యాడ్లు, నాణేలు, జింక్ పూతున్న ఇనుప ముక్కలు, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో తడిపిన స్పాంజిలతో బ్యాటరీ తయారుచేస్తాడు. సామాన్లన్నీ పోగుచేస్తుంటే జెస్సీ, రోబో చేస్తున్నావా అని ఆశగా అడుగుతాడు. ఆ అమాయకత్వం మొత్తం సిరీస్‌లోనే ఈ ఇద్దరి మధ్య వచ్చిన అత్యంత ఆత్మీయమైన క్షణాల్లో ఒకటి.

ఇక ముగింపు. కణితి 80 శాతం తగ్గిందని డాక్టర్ చెప్తాడు. కుటుంబమంతా సంబరపడుతుంది. వాల్ట్ బాత్‌రూమ్‌కి వెళ్లి, గోడకున్న పేపర్ టవల్ డబ్బాని పిడికిలితో గుద్దుతూ ఉంటాడు, అది సొట్టపోయేదాకా. బతుకుతానని తెలిసిన మనిషికి అంత కోపమెందుకో ఒక్క మాటైనా చెప్పకుండా అర్థం చేయించారు. చావు దగ్గర్లో ఉంది కాబట్టి చేస్తున్నా అన్న సాకు పోయింది. రచన శామ్ కాట్లిన్.

'టోహజీలీ' మొదటిది కావాలని చాలామంది అంటారు. మూడోది ఎందుకు?

2013 సెప్టెంబర్ 8న వచ్చిన ఈ ఎపిసోడ్‌కి మొదటి స్థానం ఇచ్చేవాళ్లతో పెద్దగా గొడవ లేదు. ముప్పావు వంతు వరకు అది మొదటి స్థానానికే తగినది. డబ్బు పాతిపెట్టిన డ్రమ్ము దొరికినట్టు ఫోటో ఒకటి పంపి వాల్ట్‌ని ఎడారికి రప్పించడం, అతను కారు నడుపుతూ ఫోన్‌లో తన నేరాలన్నీ తనే అరిచి చెప్పేయడం, అక్కడికొచ్చాక ఎవరూ లేరని గ్రహించడం అద్భుతంగా ఉంటాయి. ఆ చోటు కూడా సామాన్యమైనది కాదు. మొదటి ఎపిసోడ్‌లో వాల్ట్, జెస్సీ మొదటిసారి సరుకు వండిన చోటే అది.

అరెస్టు సీన్‌లో వాల్ట్ బండరాయి వెనక దాక్కున్నాడు. హ్యాంక్, అతని సహోద్యోగి గోమెజ్, జెస్సీ కాస్త దూరంలో ఉన్నారు. మధ్యలో ఖాళీ నేల. వాల్ట్ ఆ ఖాళీ నేల దాటి లొంగిపోవడానికి పట్టే సమయాన్ని మెక్‌లారెన్ ఎక్కడా కుదించలేదు. అయిదు సీజన్లుగా మనం ఎదురుచూసిన క్షణం అది, దాన్ని పూర్తిగా అనుభవించనిచ్చారు. ఆ తర్వాత హ్యాంక్ మేరీకి ఫోన్ చేసి పట్టుకున్నా అని చెప్తాడు. అతని గొంతులో అంత సంతోషం వినబడగానే మన గుండె జారిపోతుంది. ఆ కాల్ అంతసేపు సాగడంలోనే రాబోయే ప్రమాదం వినిపిస్తుంది.

ఇక మూడో స్థానానికి కారణం చివరి కాల్పులు. జాక్ అనే నేరగాడి ముఠా వచ్చి ఎదురెదురుగా నిలబడేదాకా ఉన్న లెక్క, తుపాకులు పేలడం మొదలయ్యాక సడలిపోతుంది. అంత దగ్గర్లో, అన్ని తూటాలు పేలినా ఎవరికీ తగిలినట్టు కనిపించదు. మధ్యలోనే ఎపిసోడ్ ఆగిపోతుంది. వారం రోజులు జనాన్ని నిద్రపోనివ్వని ముగింపు అది, ఒప్పుకుంటాం. కానీ 'వన్ మినిట్'లో ఒక్కొక్క తూటాకీ లెక్క చెప్పిన డైరెక్టర్ నుంచి ఆశించేది ఇంకొంచెం ఎక్కువ.

'గ్లైడింగ్ ఓవర్ ఆల్' లో జైలు హత్యల సీన్ గురించి ఎందుకంత చర్చ?

తన గుట్టు బయటపెట్టగల పదిమందిని, మూడు జైళ్లలో, రెండే రెండు నిమిషాల్లో చంపించాలి. వాల్ట్ పెట్టిన షరతు అది. ఆ రెండు నిమిషాలూ అతను ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటూ ఉంటాడు. వెనకాల నాట్ కింగ్ కోల్ గొంతులో హుషారైన పాత పాట సాగుతుంటుంది. తెరమీద కత్తిపోట్లు, మంటలు. గడియారం ముల్లు, పాట నడక, కట్ పడే చోటు, మూడూ కలిసి నడుస్తాయి. ఇక్కడ మెక్‌లారెన్ తన పద్ధతినే తిరగేశారు. నిరీక్షణ ఈసారి బాధితుడిది కాదు, హంతకుడిది. అతనికి టెన్షన్ లేదు, అదే మనకు భయం.

ఇంకో సంగతి. వాల్ట్ స్కానింగ్‌కి వెళ్లినప్పుడు ఆసుపత్రి బాత్‌రూమ్‌లో చేతులు కడుక్కొని తల తిప్పుతాడు. గోడకి సొట్టపోయిన పేపర్ టవల్ డబ్బా అలాగే ఉంది. '4 డేస్ అవుట్'లో అతను గుద్దిన డబ్బానే. రెండూ మెక్‌లారెన్ తీసినవే, మధ్యలో మూడేళ్లు గడిచాయి. ఎవరూ ఒక్క మాటా మాట్లాడరు. వరసగా చూస్తున్నవాళ్లకు ఆ ఒక్క షాట్‌లో మనిషి ఎంత దూరం వచ్చేశాడో తెలిసిపోతుంది.

స్టోరేజ్ గదిలో డబ్బు గుట్ట, ఈత కొలను పక్కన కుటుంబమంతా కూర్చున్న ప్రశాంతమైన మధ్యాహ్నం, బాత్‌రూమ్‌లో హ్యాంక్ చేతికి దొరికిన పుస్తకం కూడా ఇందులోవే. ఇన్ని శిఖరాలున్నా నాలుగో స్థానమే ఎందుకంటే, నెలల కథని ఒకే ఎపిసోడ్‌లో సర్దాల్సి రావడంతో మధ్యమధ్య పరుగు కనిపిస్తుంది.

'సలూద్' లో చూడాల్సిందేమిటి?

టవల్. మెక్సికోలో కార్టెల్ (మాదకద్రవ్యాల ముఠా) పెద్దలకు మాదకద్రవ్యాల వ్యాపారి గస్ విషం కలిపిన టెకీలా బహుమతిగా ఇస్తాడు, నమ్మకం కుదరడానికి తనూ తాగుతాడు. తర్వాత మర్యాదగా లేచి బాత్‌రూమ్‌కి వెళ్తాడు. అక్కడ టవల్‌ని శుభ్రంగా మడతపెట్టి నేలమీద వేసి, దానిమీద మోకాళ్లూని, తాగినదంతా కక్కేస్తాడు. కడుపులో విషం ఉన్నా ప్యాంటు మోకాళ్లు నలగకూడదు. గస్ ఎవరో చెప్పడానికి ఇంతకన్నా మంచి సీన్ సిరీస్ మొత్తంలో లేదు. బయట కొలను చుట్టూ మనుషులు ఒక్కొక్కరే కూలిపోతుంటారు. రెండు ఎపిసోడ్ల ముందు ఫ్లాష్‌బ్యాక్‌లో గస్ స్నేహితుణ్ణి కార్టెల్‌వాళ్లు చంపింది ఆ కొలను పక్కనే.

ఇదే ఎపిసోడ్‌లో దెబ్బలు తిని మత్తులో ఉన్న వాల్ట్, తనని పడుకోబెడుతున్న కొడుకుని జెస్సీ అని పిలుస్తాడు. ఆ సీన్ ఎంత నెమ్మదిగా జరుగుతుందో చూడండి.

'బరీడ్', 'మాడ్రిగల్' మధ్యలో ఉండిపోయాయేం?

రెండూ ఆరంభంలో అద్భుతం, తర్వాత కథని ముందుకు నెట్టే బాధ్యత ఎక్కువ. 'బరీడ్' మొదట్లో ఒక ముసలాయన రోడ్డు మీద డబ్బు కట్టలు ఏరుకుంటూ వెళ్తే, పిల్లల పార్కులో గుండ్రంగా తిరిగే చక్రం మీద శూన్యంలోకి చూస్తూ పడుకున్న జెస్సీ కనిపిస్తాడు. ఆ పైనుంచి తీసిన షాట్ మర్చిపోలేం. ఎడారిలో కాల్పులయ్యాక శవాలు చూడలేక, మాదకద్రవ్య వ్యాపారంలో ఉన్న లిడియా కళ్లు మూసుకుంటే, జాక్ ముఠాలోని టాడ్ ఆమెని దారి చూపిస్తూ నడిపించడం కూడా గొప్ప ఆలోచన. హింస మొత్తం నేల కింద ఇరుకు చోట చప్పుళ్లుగా మాత్రమే వినిపించి, చివర్న ఆమె నడకలో కనిపిస్తుంది. హోటల్లో హ్యాంక్, వాల్ట్ భార్య స్కైలర్ ఎదురెదురుగా కూర్చున్న సీన్ దీన్ని 'మాడ్రిగల్' కన్నా ఒక మెట్టు పైన నిలబెట్టింది. జాలిగా మాట్లాడుతున్న మనిషే ఉచ్చు బిగిస్తున్నాడని ఆమెకు అర్థమయ్యే క్షణం కోసం చూడండి.

'మాడ్రిగల్' జర్మనీలో మొదలవుతుంది. ఒక పెద్ద కంపెనీ అధికారి భావం లేని ముఖంతో సాస్‌లు రుచి చూస్తూ, పోలీసులు వచ్చారని తెలిసి, గుండెకు షాకిచ్చే పరికరం పట్టుకొని బాత్‌రూమ్‌లోకి వెళ్తాడు. అంత చల్లటి, నిశ్శబ్దమైన సీన్ తర్వాత ఆల్బుకర్కీకి వచ్చేసరికి వేడి కాస్త తగ్గుతుంది. గస్ దగ్గర పనిచేసిన మైక్ పాత్రను ఇష్టపడేవాళ్లు దీన్ని ఇంకా పైన పెట్టుకోవచ్చు.

చివరి నాలుగూ బాగోలేవా?

బాగోలేనిది ఒక్కటీ లేదు. 'థర్టీ-ఎయిట్ స్నబ్'లో జెస్సీ ఇంట్లో రాత్రీపగలూ సాగే పార్టీ మధ్య, నేల తుడిచే యంత్రం కళ్లతో మనుషుల కాళ్లు చూపించే షాట్లున్నాయి. అదే ఎపిసోడ్‌లో వాల్ట్ తుపాకీతో గస్ ఇంటివైపు నడుస్తుంటే ఫోన్ మోగి, ఇంటికి పో అని ఒక్క మాట వస్తుంది. 'షాట్‌గన్'లో మైక్ పక్కన కారులో కూర్చొని రోజంతా తిరిగే జెస్సీ విసుగుని చక్కగా పట్టుకున్నారు. 'ఆబిక్యూ'లో జెస్సీ ప్రియురాలు జేన్‌తో మ్యూజియం ఫ్లాష్‌బ్యాక్ అందమైనది. 'ఐ.ఎఫ్.టి.' ప్రధానంగా వాల్ట్, స్కైలర్ల ఇంటి కథ. నటనపరంగా చాలా గట్టిది, కానీ మెక్‌లారెన్ విద్యకి అందులో చోటు తక్కువ. వేరే కొలబద్దతో చూస్తే పైకి వస్తుంది.

పేరున్న ఎపిసోడ్లు 'ఓజీమాండియాస్', 'ఫేస్ ఆఫ్' లిస్టులో లేవేం?

అవి ఆమె తీసినవి కావు. 'టోహజీలీ' తర్వాత వారం వచ్చిన 'ఓజీమాండియాస్'కి రయాన్ జాన్సన్ డైరెక్టర్. 'ఫ్లై', 'ఫిఫ్టీ-వన్' కూడా ఆయనవే. 'ఫేస్ ఆఫ్' స్వయంగా విన్స్ గిల్లిగన్ తీశారు. ఎడారి సీన్ సగం ఆమె చేతిలో, మిగతా సగం జాన్సన్ చేతిలో పడింది కాబట్టి చాలామంది పొరబడతారు. రెండూ వెంటవెంటనే చూస్తే ఇద్దరి పద్ధతుల్లో తేడా కూడా తెలుస్తుంది.

అవార్డులు వచ్చాయా?

అమెరికన్ టీవీ అవార్డు ఎమ్మీకి డైరెక్షన్ విభాగంలో రెండుసార్లు నామినేట్ అయ్యారు: 2010లో 'వన్ మినిట్'కి, 2013లో 'గ్లైడింగ్ ఓవర్ ఆల్'కి. రెండుసార్లూ రాలేదు. 2013లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్'కి డేవిడ్ ఫించర్ గెలిచారు. 2013, 2014లో 'బ్రేకింగ్ బ్యాడ్'కి ఉత్తమ డ్రామా సిరీస్ అవార్డు వచ్చినప్పుడు ప్రొడ్యూసర్‌గా ఆమెకూ దక్కింది. 'వన్ మినిట్'కి రాకపోవడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

ఆమె తీసిన వేరే సిరీస్‌లు కలిపితే లిస్టు మారుతుందా?

మొదటి మూడు స్థానాలు మారవు. తర్వాత 'ది వాకింగ్ డెడ్' రెండో సీజన్‌లోని 'ప్రెటీ మచ్ డెడ్ ఆల్రెడీ' నాలుగో స్థానానికి గట్టి పోటీ ఇస్తుంది. కొట్టం తలుపు తెరవడం, లోపల్నుంచి వచ్చిన జాంబీలను (నడిచే శవాలను) వరసగా కాల్చడం, అంతా అయిపోయిందనుకున్నాక చివర్న చిన్నగా ఒక ఆకారం బయటికి రావడం. అందరూ అంతకాలం వెతుకుతున్న పిల్ల సోఫియా. తుపాకులు పట్టుకున్న పెద్దలంతా రాళ్లలా నిలబడిపోతారు. చోటు చూపించడం, కాచుకోబెట్టడం అన్న రెండు పనులూ అక్కడ మళ్లీ చూడొచ్చు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో నాలుగు తీశారు. 'ది బేర్ అండ్ ది మెయిడెన్ ఫెయిర్'లో ఎలుగుబంటి గొయ్యి సీన్, 'సెకండ్ సన్స్'లో టిరియన్, సాన్సాల పెళ్లి గుర్తుంచుకోదగ్గవి. 'బెటర్ కాల్ సాల్'లో 'మీహో' తప్పక చూడాలి. ఎడారిలో ట్యూకో అనే నేరగాడి ముందు నిలబడి ఒక లాయరు బేరమాడి శిక్ష తగ్గించే సీన్‌లో నవ్వు, భయం ఒకే షాట్‌లో ఉంటాయి. అదే సిరీస్ చివరి సీజన్‌లో నలుపు-తెలుపులో వచ్చిన 'నిప్పీ' కూడా ఆమెదే. 'వెస్ట్‌వరల్డ్' మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్, 'ది డ్యూస్' మొదటి ఎపిసోడ్ కూడా తీశారు.

సిరీస్ మొత్తం చూసే టైము లేదు. నేరుగా 'వన్ మినిట్' చూడొచ్చా?

వద్దు. హ్యాంక్ ఎవరో, కజిన్స్ ఎందుకొచ్చారో తెలియకపోతే అది ఒట్టి తుపాకుల సీన్‌గా మిగిలిపోతుంది. ఒక్కటే చూడాలంటే '4 డేస్ అవుట్' చూడండి. ఒక కెమిస్ట్రీ మాస్టారు, అతని పాత విద్యార్థి, మాదకద్రవ్యం, క్యాన్సర్ అన్న నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, మిగతాది ఎపిసోడే చెప్తుంది.

మళ్లీ చూసేటప్పుడు ఆమె పని ఎలా పట్టుకోవాలి?

సౌండ్ ఆపేసి చూడండి. 'వన్ మినిట్' పార్కింగ్ సీన్, 'టోహజీలీ' అరెస్టు సీన్ రెండూ మాటల్లేకుండా పూర్తిగా అర్థమవుతాయి. తర్వాత ఒక కాగితం మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో గీయడానికి ప్రయత్నించండి. ఆమె సీన్లలో అది సులభంగా గీయొచ్చు. మిగతా చాలా యాక్షన్ సీన్లతో ఇదే పని చేస్తే తేడా తెలిసిపోతుంది. మూడోది, ఒక షాట్ మొదలైనప్పటినుంచి కట్ అయ్యేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఇంకొకరైతే ఎప్పుడో కట్ చేసేవారనిపించే చోట ఆమె ఇంకా ఆగి ఉంటారు.

నా లిస్టులో 'సలూద్' మొదటిది. తప్పా?

తప్పేం కాదు. కాకపోతే గస్ మీద ఇష్టంతో పెట్టారా, సీన్ తీసిన తీరు చూసి పెట్టారా అని ఒకసారి ఆలోచించండి. రెండోదే కారణమైతే, కొలను సీన్‌లో ఎవరు ఏ వైపు కూలారో చూసి, 'వన్ మినిట్' పార్కింగ్ పక్కన పెట్టి పోల్చండి. అప్పటికీ 'సలూద్' గెలిస్తే దాన్నే మొదట ఉంచుకోండి.